‘బానే ఉందండి’ అన్న జవాబుని నమ్మకండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకాలు నడుపుతున్న అధికారులకు, ఆ పథకాల కింద గుండె జబ్బులకు వైద్యం చేస్తున్న డాక్టర్లకు,

నమస్కారం.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా నాన్నగారు టైలరు. ఊళ్లో మూడు తరాల ఆడవాళ్ల జాకెట్లు ఆయన చేతి మీదుగానే వెళ్లాయి. రెండేళ్ల కిందట సంక్రాంతికి ముందు, కుట్టుపని ఊపిరాడనంత ఉన్న రోజుల్లో, ఒక అర్ధరాత్రి ఆయనకి గుండెపోటు వచ్చింది. టైముకి ఆస్పత్రికి చేర్చగలిగాం. స్టెంట్ వేశారు, మనిషి దక్కాడు. ఆ డాక్టర్లకి ఎప్పటికీ రుణపడి ఉంటాం. ఆస్పత్రి పేరు మాత్రం చెప్పను. నేను రాస్తున్నది ఏ ఒక్క ఆస్పత్రి సంగతో కాదు.

మూడో నెల చెకప్‌కి నేనే వెంట వెళ్లాను. ఎకో తీశారు, అంటే గుండె స్కాను. గుండె ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తోందో అందులో తెలుస్తుంది, దాన్నే పంపింగ్ అంటారు. డాక్టరుగారు రిపోర్టు చూసి, “పంపింగ్ 55 శాతం. చాలా బాగుంది. ఎలా ఉంటున్నారు పెద్దాయనా?” అన్నారు. నాన్న కుర్చీలోంచి సగం లేచి, “బానే ఉందండి” అన్నారు. మందులు అవే వాడమన్నారు. బయట బెంచీల మీద ఇంకా నలభై మంది దాకా కూర్చుని ఉన్నారు. అన్ని రిపోర్టులు చూడాల్సిన డాక్టరు అంతకంటే ఏం అడుగుతాడు?

ఇంటికొచ్చాక చూస్తే, కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆస్పత్రికి పరుగెత్తిన రాత్రి అమ్మ కప్పింది. మూడు నెలలుగా ఎవరూ తియ్యలేదు. అడిగితే నాన్న మొదట మాట దాటేశారు. తర్వాత మెల్లిగా చెప్పారు. “మిషను దగ్గర కూర్చుంటే ఎడం చెయ్యి లాగుతోందిరా. మళ్లీ వస్తుందేమోనని భయం.” ఎడం చెయ్యి లాగడం ఆయనకి కొత్త కాదు. గుడ్డని ఆ చేత్తోనే లాగిపట్టి కుడతారు కాబట్టి ఎప్పుడూ ఉన్నదే. గుండెపోటుకి ముందు దానికి అమృతాంజనం రాసుకుని పడుకునేవారు. ఇప్పుడు అదే నొప్పి వస్తే రాత్రంతా కళ్లు తెరుచుకుని ఉంటున్నారు.

ఎకోలో ఆ దుప్పటి కనపడదు. ఈ ఉత్తరం దాని గురించే.

గుండెజబ్బు మనిషి ఆరు నెలలకి, ఏడాదికి ఎలా బతుకుతాడో ముందే అంచనా కట్టే లెక్కలు ప్రపంచంలో కావలసినన్ని ఉన్నాయి. నా సబ్జెక్టే అది. ఏఐ గాలి వీస్తున్న కాలం కూడా కాబట్టి, రేపో మాపో మీ దగ్గరికి ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తారు. మీ దగ్గరున్న లక్షల క్లెయిములు మాకివ్వండి, ఏ రోగి ఎలా కోలుకుంటాడో చెప్పేస్తాం అంటారు. వాళ్లకి కుర్చీ వేసేముందు ఒక్క సంగతి ఆలోచించండి. క్లెయిము ఫైల్లో ఏ జబ్బు, ఏ ఆపరేషన్, ఎన్ని రోజులు, ఎంత బిల్లు అన్నవి ఉంటాయి. మనిషి మెట్లెక్కగలుగుతున్నాడా, పనికి వెళ్తున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా అన్నవి ఉండవు. అడగనిదాన్ని అంచనా వెయ్యడం ఏ మిషను వల్లా కాదు.

ఇది నా సొంత తెలివి కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్న సి.ఆర్. రావుగారు 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక పేపరు రాశారు. చేతిలో ఉన్న డేటా నుంచి ఒక అంచనాని ఎంత కచ్చితంగా తియ్యొచ్చో దానికో హద్దు ఉంటుందని చూపించారు. ఒక వైపుకి మొగ్గకుండా అంచనా వేసే పద్ధతి ఎంత గొప్పదైనా ఆ హద్దు దాటదు. ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అంటున్నది దాన్నే. 2023లో, నూరేళ్లు దాటిన వయసులో ఆయనకి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చినప్పుడు మనవాడని మనమంతా వాట్సాప్‌లో పంచుకున్నాం. ఆయన చెప్పినదాన్ని మన ఆస్పత్రులకి వాడుకుంటే ఇంకా బాగుంటుంది.

అడగడానికి సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. గుండెనొప్పి ఉన్నవాళ్ల కోసం జాన్ స్పెర్టస్ అనే అమెరికా డాక్టరు 1995లో సియాటిల్ ప్రశ్నావళి ప్రచురించారు. గుండె నీరసించినవాళ్ల కోసం 2000లో కాన్సాస్ సిటీ ప్రశ్నావళి తెచ్చారు. దానికి 12 ప్రశ్నల పొట్టి రూపం కూడా ఉంది. అంతకుముందే మిన్నెసోటాలో 21 ప్రశ్నలతో ఒకటి తయారైంది. ఏ జబ్బుకైనా వాడగలిగే ఈక్యూ-5డీ అయితే ఐదే ప్రశ్నలు: నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారం, నొప్పి, దిగులు. ఆ జవాబులకి మన దేశంలో జనం ఎంతెంత విలువ ఇస్తారో తేల్చిన భారతీయ లెక్క 2022లో వచ్చింది. ఒక జాగ్రత్త: కాన్సాస్ సిటీలో మార్కులు పెరిగితే మంచిది, మిన్నెసోటాలో తగ్గితే మంచిది. రెండూ ఒకే ఎక్సెల్ షీట్లో కలిపేసి, బాగుపడినవాళ్లని క్షీణించినవాళ్లుగా చూపించిన ప్రాజెక్టు రిపోర్టు మా పిల్లలదే ఒకటి నేను దిద్దాను.

ఒక ఆదివారం నాన్నని కూర్చోబెట్టి సియాటిల్ ప్రశ్నలు నాకు తోచిన తెలుగులో అడిగాను. ఇంట్లో నడవడం, మెట్లెక్కడం దాకా బాగానే సాగింది. తర్వాత వాక్యూమ్ క్లీనరుతో ఊడవడం వచ్చింది. ఆ తర్వాత ఈత, టెన్నిస్ లాంటి ఆటలు వచ్చాయి. నాన్న కళ్లజోడు తీసి నా వంక చూశారు.

“టెన్నిస్సా? మిషను తొక్కడం లేదా అందులో?”

“లేదు నాన్నా.”

“అది అడిగితే చెబుదును.”

గత నాలుగు వారాల్లో గుండె గురించి ఎన్నిసార్లు దిగులుపడ్డారు అని అడిగాను. “అబ్బే, ఏం లేదు” అన్నారు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. “రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చునేది ఎవరటండీ మరి? నేను నిద్రపోతున్నాననుకుంటున్నారా?” నాన్న ఏమీ అనలేదు. నేను పెన్ను పట్టుకుని ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక కూర్చున్నాను.

పాతికేళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని. కొలతలో వచ్చే తప్పులు ఎన్ని రకాలో బోర్డు మీద రాసి చూపిస్తాను. మా ఇంటి వరండాలో అవన్నీ ఒకేసారి ఎదురయ్యాయి. మన ఊళ్లలో డాక్టరు ముందు, చదువుకున్న కొడుకు ముందు, కష్టం చెప్పుకోవడం పెద్దమనిషి తరహా కాదు. ‘బానే ఉందండి’ అన్నది జవాబు కాదు, మర్యాద. అందుకే ప్రశ్నల్ని తెలుగులోకి మారిస్తే చాలదు. తెలుగువాళ్ల పనుల్లోకి మార్చాలి. బిందె ఎత్తుకోగలరా? చేను గట్టు మీద ఆగకుండా ఆ చివరిదాకా వెళ్లగలరా? పీట మీద కూర్చుని లేవగలరా? బస్సు ఆగి ఉండగా ఎక్కడానికే ఆయాసం వస్తోందా? మీ పని మళ్లీ మొదలుపెట్టారా, లేకపోతే ఎందుకని? అలా రాసుకున్న ప్రశ్నలు నిజంగా కొలవాల్సినదాన్నే కొలుస్తున్నాయా అని మళ్లీ పరీక్షించాలి. శ్రమే, కానీ ఒక్కసారి పడితే సరిపోయే శ్రమ.

అడిగితే ఏం ఒరుగుతుందని మీరు అనొచ్చు. 2020లో ప్రచురించిన ఇస్కీమియా అనే పరిశోధన సంగతి చూడండి. 37 దేశాల్లో 5,179 మంది మీద చేశారు. అందరూ గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నా నిలకడగా ఉన్నవాళ్లు. గుండెపోటుతో వచ్చినవాళ్ల సంగతి వేరు, దీన్ని చూసి వాళ్లకి ఎవరూ స్టెంట్ వద్దనకూడదు. ఈ 5,179 మందిలో కొందరికి మందులతో పాటు స్టెంటో బైపాసో చేశారు, కొందరికి ముందు మందులే ఇచ్చి చూశారు. వారానికోసారైనా నొప్పి వస్తున్నవాళ్లని తీసుకుంటే, మూడు నెలలకి నొప్పి పూర్తిగా పోయినవాళ్లు మొదటి వర్గంలో సుమారు 45 శాతం, రెండో వర్గంలో సుమారు 15 శాతం. మొదట్నుంచీ నొప్పే లేనివాళ్లలో మాత్రం రెండు వర్గాలకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరి బతుకు బాగుపడుతుందో చెప్పింది యాంజియో సీడీ కాదు. ‘నెలలో ఎన్నిసార్లు నొప్పొచ్చింది’ అన్న ప్రశ్న.

ఇలాంటి లెక్కల్లో మళ్లీ మళ్లీ తేలేది మూడు సంగతులు. ఏడాది తర్వాత మనిషి ఎలా ఉంటాడో చెప్పడానికి అన్నిటికంటే పనికొచ్చేది మొదటి రోజు అతని నోట విన్న జవాబు. రెండోది మనసు. 1993లోనే కెనడాలోని మాంట్రియల్‌లో 222 మంది గుండెపోటు రోగుల్ని గమనించి, ఆస్పత్రిలో ఉండగానే డిప్రెషన్ కనబడినవాళ్లలో ఆరు నెలల్లోపు మరణాలు ఎక్కువని చూపించారు. మూడోది, మనం అంత నమ్ముకునే పంపింగ్ శాతానికీ మనిషి బతికే తీరుకీ సంబంధం ఉండాల్సినంత లేదు. 30 శాతంతో బజారుకెళ్లి కూరలు తెచ్చుకునేవాళ్లున్నారు. 55 శాతంతో మిషను మీద దుప్పటి కప్పుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక లెక్క కట్టేటప్పుడు పడే గోతుల గురించి. వీటిని నేను మా నాన్న కొట్లోని మాటల్లోనే చెబుతాను, నాకు క్లాసులో కూడా అవే పనికొస్తాయి.

కొట్లో ఒక మూల పెట్టె నిండా తీసుకెళ్లని బట్టలుంటాయి. కుట్టించుకున్నవాళ్లు రాలేదు. కొందరు పోయారు, కొందరు ఊరు మారారు, కొందరి దగ్గర డబ్బుల్లేవు, ఒకావిడ మర్చిపోయింది. వచ్చి తీసుకెళ్లినవాళ్లని మాత్రమే అడిగి ‘నా కుట్టు అందరికీ నచ్చింది’ అనుకుంటే ఎలా ఉంటుంది? చెకప్‌కి రానివాళ్ల సంగతీ అంతే. ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లకి మార్కులుండవు. వాళ్లని వదిలేసి మిగిలినవాళ్ల సగటు తీస్తే, ఎక్కువమంది చనిపోయిన ఆస్పత్రే బాగా చేసినట్టు కనబడే ప్రమాదం ఉంది. రానివాళ్లు ఎందుకు రాలేదో కనుక్కోకుండా ఖాళీ గడుల్ని సగటుతో నింపేయడం తప్పులన్నిటిలోకీ పెద్ద తప్పు.

గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. కొత్త టేపుతో 36 వచ్చిన ఛాతీ పాతదానితో 35కి వస్తుంది. రోగి లోపల ఉండే టేపు కూడా సాగుతుంది. ఒకప్పుడు గోదావరి గట్టు మీద నాలుగు మైళ్లు సైకిలు తొక్కిన మనిషి, ఇప్పుడు వీధి చివరిదాకా వెళ్లొస్తే ‘బాగానే ఉన్నాను’ అంటాడు. అబద్ధం చెప్పడం లేదు, బాగుండటం అంటే ఏమిటో అతనికే మారిపోయింది. పైగా ఈ ప్రశ్నావళుల మార్కుల టేపు 100 దగ్గర అయిపోతుంది. స్టెంట్ వేశాక చాలామంది 90లు దాటి గుమిగూడతారు. అక్కడ రిగ్రెషన్ అనే మామూలు సరళరేఖ అంచనా పద్ధతి వాడితే ఒకడికి 107 మార్కులొస్తాయని చెబుతుంది. దానికి వేరే పద్ధతులున్నాయి, ఎమ్మెస్సీ పిల్లలు చెయ్యగలిగినవే.

జనం ఆస్పత్రికొచ్చేది మరీ బాగోలేనప్పుడు. అప్పుడు కొలిస్తే మార్కులు అడుగునుంటాయి. ఆర్నెల్ల తర్వాత కొలిస్తే ఏమీ చెయ్యకపోయినా కొంత పెరుగుతాయి. ఆ పెరుగుదలంతా మన ఘనతే అని ప్రెస్ మీట్ పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఊళ్లో ఆడవాళ్లందరి కొలతలూ కలిపి సగటు తీసి జాకెట్టు కుడితే అది ఎవరికీ పట్టదు. ఉదాహరణకి, మొదటిరోజు 60 మార్కులున్న రోగికి ఏడాదికి 78 వస్తాయని లెక్క చెప్పిందనుకుందాం. అలాంటివాళ్ల సగటు 76కీ 80కీ మధ్య ఉంటుందని గట్టిగా చెప్పగలం. కానీ ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క మనిషి 50లో ఉండొచ్చు, 100లోనూ ఉండొచ్చు. మొదటి అంచనా మీకు పనికొస్తుంది: ఏ జిల్లాలో ఎందరికి ఎలాంటి సాయం కావాలో చెబుతుంది. రెండోది ఆ రోగికి కావాలి. అంత వెడల్పున్న అంచనా చూపించి ‘మీకు ఆపరేషన్ వల్ల లాభం లేదు’ అని ఎవరికీ చెప్పకూడదు. నా భయమంతా అక్కడే ఉంది.

ఎందుకంటే అంచనా మిషను పేదరికాన్ని కూడా నేర్చుకుంటుంది. గుండెపోటు తర్వాత ఆడవాళ్లు మగవాళ్లకంటే తక్కువ మార్కులు చెప్పడం చాలా దేశాల పరిశోధనల్లో కనబడింది. కూలికి వెళ్లేవాళ్లు, ఒంటరివాళ్లు, ముసలివాళ్లు కూడా అడుగునే ఉంటారు. ‘వీళ్లు ఎలాగూ కోలుకోరు’ అని లెక్క చెబితే అది వాళ్లని పక్కన పెట్టడానికి కాదు, వాళ్లకి రెండింతలు సాయం చెయ్యడానికి వాడాలి. ఈ మాట జీవోలోనే రాసి ఉండాలి. నోటిమాటగా చెబితే చాలదు.

పరాయి చోట కట్టిన లెక్కని తెచ్చి ఇక్కడ దించినా పని జరగదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్లో 1948లో మొదలైన పరిశోధనే ప్రపంచానికి గుండెజబ్బు రిస్కు లెక్కలు నేర్పింది. అయినా ఆ లెక్కని వేరే జనాభాలకి వాడినప్పుడు సరిచేసుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ వాళ్లు వాడే క్యూరిస్క్ అనే గుండెజబ్బు రిస్కు లెక్కలో భారతీయులకి, పాకిస్తానీలకి, బంగ్లాదేశీలకి వేర్వేరు లెక్కలుంటాయి. మన లెక్కని కూడా శ్రీకాకుళంలో కట్టి ఆదిలాబాద్‌లో సరిపోతుందో లేదో చూడాలి. వాన పడే అవకాశం 70 శాతం అని చెప్పిన రోజుల్లో నిజంగా నూటికి డెబ్బై రోజులు వాన పడిందా అని చూసుకున్నట్టే, పని మొదలుపెడతారని చెప్పినవాళ్లలో ఎందరు మొదలుపెట్టారో ఏటా సరిచూసుకోవాలి.

మన దగ్గర ఇదంతా కుదరదని అనకండి. ఇరవై ఏళ్ల కిందట ఇదే ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు, ఎవరైనా చనిపోయిన ఇంటికి వెళ్లి, ఎలా పోయారో కుటుంబాన్ని అడిగి రాసుకున్నారు. ఆ మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని 2006లో ప్రచురించారు. పల్లెల్లో అంటురోగాలే ఎక్కువనుకునేవాళ్లకి అది కళ్లు తెరిపించిన లెక్క. పోయినవాళ్ల గురించి గడప గడపకీ వెళ్లి అడగగలిగినవాళ్లం, బతికున్నవాళ్లని అడగలేమా?

కాబట్టి నేను కోరేది పెద్దదేమీ కాదు. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవగా, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా నడుస్తోంది. కొన్ని చికిత్సలకి తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్ ఇచ్చే ఏర్పాటు అందులో చాలాకాలంగా ఉంది. గుండె చికిత్సకి అనుమతి ఇచ్చే రోజున పది, పన్నెండు ప్రశ్నలు అడిగించండి. నెలకి, ఆర్నెల్లకి, ఏడాదికి మళ్లీ అవే అడిగించండి. గుండెపోటుతో వచ్చినవాణ్ని ఆ రాత్రి అడగమనడం లేదు, డిశ్చార్జికి ముందు అడిగితే చాలు. అడిగే మనిషి వైద్యం చేసిన ఆస్పత్రి మనిషి కాకూడదు. మార్కుల్ని బట్టి బిల్లు వస్తుందని తెలిస్తే ఏ ఆస్పత్రిలోనైనా రోగులందరూ ఒక్క రాత్రిలో 95కి చేరతారు. ఆశా కార్యకర్తల నెత్తిన ఇంకో యాప్ పెట్టమని కూడా అనడం లేదు, వాళ్లకున్నవి చాలు. కాల్ సెంటర్ నుంచి ఒక ఫోను చాలు. ఆ ఫోను రోగికి చేసి, వీలైతే ఇంట్లో ఇంకొకరిని కూడా అడగాలి. ఇద్దరి జవాబులూ విడివిడిగా రాసుకోవాలి, కలపకూడదు. పేర్లు, ఆధార్ నంబర్లు తీసేసి ఆ డేటాని మా యూనివర్సిటీల స్టాటిస్టిక్స్ డిపార్టుమెంట్లకి ఇవ్వండి. మా పిల్లలు ఎక్కడివో అమెరికా డేటాసెట్లు డౌన్‌లోడ్ చేసుకుని ప్రాజెక్టులు చేస్తున్నారు.

2017లో కేంద్రం స్టెంట్ ధరకి కళ్లెం వేసినప్పుడు, మందు పూసిన స్టెంట్ 29,600 రూపాయలకి మించకూడదని చెప్పింది. స్టెంట్ విలువ మనకి అంత కచ్చితంగా తెలుసు. అది వేశాక మనిషి ఎలా ఉన్నాడన్నది ఒక కాలమ్‌లో కూడా లేదు.

నాన్న సంగతి చెప్పి ముగిస్తాను. తర్వాతిసారి చెకప్‌కి వెళ్లినప్పుడు నేనే అడిగాను, “డాక్టరుగారూ, నాన్న మిషను తొక్కొచ్చా?” అని. ఆయన ఆశ్చర్యపోయారు. “తొక్కడం మానేశారా? నిక్షేపంగా తొక్కొచ్చు. ఎందుకు మానేశారు పెద్దాయనా?” అన్నారు. పది సెకన్లు పట్టింది. ఇంటికొచ్చిన సాయంత్రం నాన్నే దుప్పటి తీశారు. అప్పటికి ఆర్నెల్లు దాటిపోయాయి, దసరా బేరాలు బస్టాండు దగ్గరున్న కొత్త కుర్రాడి కొట్టుకి వెళ్లిపోయాయి. ఇప్పుడు రోజుకి రెండు జాకెట్లు కుడుతున్నారు. రాత్రి రెండింటికి లేస్తున్నారా లేదా అన్నది అమ్మని అడగాలి.

ప్రశ్నలు తెలుగులో తయారు చేసేటప్పుడు పిలవండి, మా పిల్లల్ని తీసుకుని వస్తాను. మొదట ఎవరి మీదైనా పరీక్షించి చూడాలంటే నాన్న సిద్ధం. టెన్నిస్ తీసేసి మిషను పెడితేనే అంటున్నారు.

ఇట్లు,
ఒక టైలరుగారి అబ్బాయి,
స్టాటిస్టిక్స్ లెక్చరర్,
పశ్చిమ గోదావరి జిల్లా